జంట తీగలు ఒకే గొంతుతో పలకాలంటే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆరు తీగల, ఎనిమిది తీగల యుకలేలేల (గిటార్ లాంటి చిన్న హవాయి వాయిద్యాల) గురించే. పక్కపక్కనే రెండేసి తీగలుండి, ఒక్క మీటుకు రెండూ కలిసి పలికే రకాలివి. ఐదు ఉత్తరాలకు ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: ఎనిమిది తీగల టెనర్ యుకలేలే కొన్నాను. క్లిప్ ట్యూనర్ పెట్టి ఎనిమిదింటికీ పచ్చ లైటు వచ్చేదాకా శ్రుతి చేస్తున్నా. అయినా కార్డు వాయిస్తే పాత హార్మోనియంలా ఊగుతోంది. వాయిద్యంలో ఏదైనా లోపమా?
– ఒక పాఠకురాలు, అడయారు, చెన్నై

జవాబు: వాయిద్యం మీద అనుమానం పెట్టుకోకండి. పచ్చ లైటు మీదే మీరు మరీ భరోసా పెట్టుకున్నారు. చాలా ట్యూనర్లు రెండు మూడు సెంట్లు అటూ ఇటూ ఉన్నా పచ్చ చూపించేస్తాయి. సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు. ఒంటి తీగకైతే ఆ తేడా చెవికి ఆనదు. జంటలో ఒక 'ఏ' తీగ (పాశ్చాత్య పద్ధతిలో స్వరాలకు ఏ, సీ, ఈ, జీ లాంటి అక్షరాలే పేర్లు) మూడు సెంట్లు తగ్గి, దాని జోడీ మూడు సెంట్లు పెరిగి ఉందనుకోండి. రెంటికీ మధ్య ఒకటిన్నర హెర్ట్జ్ (సెకనుకు కంపనాల లెక్క) తేడా వస్తుంది. అంటే రెండు సెకన్లలో మూడుసార్లు ధ్వని ఉబ్బి తగ్గుతుంది. మీకు వినపడే ఊపు అదే.

తంబురలో సారణి, అనుసారణి (ఒకే స్వరం పలికే నడిమి రెండు తీగలు) కలిపిన చెవికి ఈ పని కొత్త కాదు. జంటలో ఒక్క తీగనే ట్యూనర్‌తో కలపాలి. రెండోదాన్ని మొదటిదానితో చెవితో కలపాలి. ముందుగా మెత్తటి గుడ్డపీలిక ఒకటి తీసుకుని మిగతా మూడు జంటల మధ్య కిందా పైనా అల్లండి, అవి తోడు పలక్కుండా ఉంటాయి. ఇప్పుడు 'ఏ' జంటలో రెండో తీగను కావాలనే కొంచెం వదులు చేసి, రెండూ కలిపి మీటుతూ మెల్లగా బిగించండి. మొదట వౌవౌవౌ అని గబగబా ఊగుతుంది. దగ్గరపడే కొద్దీ ఆ ఊపు నెమ్మదించి, సాగి, ఒకచోట ఆగిపోతుంది. అక్కడ చెయ్యి తీసేయండి. దాటిపోతే అక్కడికక్కడ వెనక్కి తిప్పి సరిపెట్టకండి. పెగ్గు పళ్ల మధ్య ఖాళీ ఉంటుంది, కాసేపటికి తీగ జారిపోతుంది. బాగా కిందికి దించి, మళ్లీ కింది నుంచే ఎక్కించాలి.

ఎనిమిది తీగల టెనర్‌కు (యుకలేలేల్లో కొంచెం పెద్ద రకం) మామూలుగా ఉండే శ్రుతి ఇది: 'జీ' జంటలో ఒకటి 196 హెర్ట్జ్, ఒకటి 392. 'సీ' జంటలో 262, 523. 'ఈ' రెండూ 330, 'ఏ' రెండూ 440. కొన్ని సెట్లలో 'సీ' రెండూ 262 దగ్గరే ఉంటాయి కాబట్టి ప్యాకెట్ మీద ఏం రాసుందో చూసుకోండి. మంద్రం, తారం కలిసిన జంటల్లో ఊపు పట్టుకోవడం కష్టం. అక్కడ లావు తీగను మెడ మీది 12వ ఫ్రెట్ కడ్డీకి సరిగ్గా పైన వేలితో తాకీ తాకనట్టు తాకి మీటండి. గంటలాంటి స్వరం వస్తుంది, అది సన్నతీగ స్థాయిలోనే ఉంటుంది. దానితో సన్నతీగను పోల్చుకోండి.

ఎనిమిది తీగలు బిగిసేసరికి పైపలక కొంచెం వంగి, ముందు కలిపిన తీగలు దిగుతాయి. అందుకే ఎప్పుడూ రెండు విడతలు శ్రుతి చేయక తప్పదు. కొత్త తీగలైతే దాదాపు వారం రోజులు సాగుతూనే ఉంటాయి, ఆ వారం వాటిని ఆడిపోసుకోకండి. ఖాళీ తీగలు కలిసి, ఫ్రెట్ నొక్కితే మాత్రం విడిపోతుంటే నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) గాడి చూడండి. మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టినప్పుడు ఒకటో ఫ్రెట్‌కీ తీగకీ మధ్య వెంట్రుకంత సందు ఉంటే చాలు. జంటలో ఒక తీగకు అంతకన్నా ఎక్కువ సందు కనిపిస్తే ఆ గాడి ఎత్తుగా ఉన్నట్టు. దాన్ని లోతు చేయడం చేయి తిరిగినవాళ్ల పని. ఒక్క గీత ఎక్కువైతే నట్టే మార్చాల్సి వస్తుంది.

ప్రశ్న: ఆరు తీగల యుకలేలేలో సన్నటి 'సీ' తీగ మూడు నెలల్లో నాలుగుసార్లు తెగింది. ట్యూనర్ 'సీ' అని చూపించేలోపే టప్‌మంటోంది.
– ఒక పాఠకుడు, మడిపాక్కం, చెన్నై

జవాబు: ఆరు తీగల రకాన్ని హవాయిలో లీలిఉ అని కూడా అంటారు. ఇందులో 'జీ', 'ఈ' ఒంటివి. 'సీ' జంటలో 262, 523 హెర్ట్జ్. 'ఏ' జంటలో 440, 220. తెగడానికి కారణం వెతికే ముందు ఒకటి తేల్చుకోండి: అక్కడ కట్టింది నిజంగా ఆ చోటి తీగేనా? ఒకే తీగను ఒక స్థాయి పైకి (హెర్ట్జ్ రెట్టింపుకు) తీసుకెళ్లాలంటే బిగువు నాలుగింతలు కావాలి. అంటే అదే బిగువుతో పై స్థాయి పలకాలంటే మందం సగం ఉండాలి. మామూలు 'సీ' తీగను అక్కడ కట్టి 523కి ఎక్కించబోతే తెగక ఏం చేస్తుంది? వెండిరంగు చుట్టున్న మంద్ర 'ఏ' తీగను 440కి లాగడం ఇంతకన్నా ప్రమాదం. తీగ కన్నా ముందు, పైపలక మీద తీగలు కట్టే బ్రిడ్జ్ లేచిపోవచ్చు.

అక్షరం ఒక్కటే చూపించే ట్యూనర్ ఇక్కడ పనికిరాదు. సీ4, సీ5 అని స్థాయి అంకె కానీ, హెర్ట్జ్ కానీ చూపించేదే కావాలి. తీగ సరైనదే అయితే ఎక్కడ తెగిందో చూడండి. పెగ్గు దగ్గరైతే రంధ్రం అంచు పదునుగా ఉంది. నట్ దగ్గరైతే గాడి ఇరుకు, పెన్సిల్ ములుకు పొడి రాయండి. బ్రిడ్జ్ దగ్గరైతే అంచును వెయ్యో నంబరు గరుకు కాగితంతో రెండు మూడుసార్లు మృదువుగా రుద్దండి. నడుమ తెగితే మాత్రం తీగ నాసిరకం, లేదా బిగువు మరీ ఎక్కువ.

విడిగా ఆ ఒక్క తీగ దొరక్కపోతే గాలాల సామాను అమ్మే దుకాణంలో ఫ్లోరోకార్బన్ లీడర్ దారం అడగండి. నట్ నుంచి శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే పట్టీ) దాకా 43 సెంటీమీటర్లుండే టెనర్‌కు 0.39 మిల్లీమీటర్ల మందం తీసుకుంటే 523 హెర్ట్జ్ దగ్గర సుమారు నాలుగున్నర కిలోల బిగువు వస్తుంది. ఇది పక్క తీగలతో బాగా పొసిగే లెక్క. అప్పటికీ తెగుతుంటే మొత్తం వాయిద్యాన్ని ఒక పూర్తి స్వరం కిందికి దించండి. బిగువు ఐదో వంతు తగ్గుతుంది, గొంతు కూడా నిండుగా వినిపిస్తుంది.

ప్రశ్న: నా నాలుగు తీగల టెనర్‌కు ఇంకో నాలుగు పెగ్గులు బిగించి ఎనిమిది తీగలదిగా మార్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, అంబత్తూరు, చెన్నై

జవాబు: వద్దు. టెనర్ మీద ఒక్కో తీగ లాగుడు సుమారు ఐదు కిలోలు. నాలుగింటికి ఇరవై, ఎనిమిదింటికి నలభైకి దగ్గర. మీ వాయిద్యం పైపలకా, దాని లోపలి పట్టీలూ, బ్రిడ్జ్ జిగురూ ఇరవైకే చేసినవి.

ప్రశ్న: సముద్రానికి దగ్గర్లోనే ఇల్లు. రాత్రి ఏసీ గదిలో శ్రుతి చేసి పెడితే పొద్దున హాల్లోకి తెచ్చేసరికి జంటలన్నీ విడిపోతున్నాయి.
– ఒక పాఠకురాలు, బెసంట్ నగర్, చెన్నై

జవాబు: నైలాన్ తేమ పీల్చుకుంటుంది, ఫ్లోరోకార్బన్ దాదాపు పీల్చుకోదు. ఒకే జంటలో ఒకటి ఇదీ ఒకటి అదీ ఉంటే తేమ మారినప్పుడల్లా రెండూ చెరో దారి పడతాయి. తెగిన తీగ చోట చేతికందింది కట్టేసినప్పుడు జరిగేది ఇదే. కాబట్టి ప్రతి జంటలో రెండు తీగలూ ఒకే పదార్థంతో ఉండాలి. చెన్నై గాలికి మేమైతే ఫ్లోరోకార్బన్‌కే ఓటేస్తాం. మంద్ర 'జీ' మాత్రం చాలా సెట్లలో నైలాన్ పోగుల మీద లోహం చుట్టిన తీగ కాబట్టి ముందు కదిలేది అదే, ముందు చూసుకోవాల్సిందీ అదే. ఉప్పుగాలికి దాని చుట్టు నల్లబడుతుంది. వాయించాక పొడిగుడ్డతో తుడవండి.

గది మారాక పెట్టె మూత తెరిచి పావుగంట ఆగి శ్రుతి చేయండి. పెట్టెలో చిన్న తేమ మీటరు పెట్టుకుంటే మంచిది. 45 నుంచి 55 శాతం వాయిద్యానికి సుఖం. నెలకోసారి విజిటింగ్ కార్డు మూలను బ్రిడ్జ్ వెనక అంచు కింద పెట్టి చూడండి. లోపలికి దూరిందంటే జిగురు వదులుతోంది. అదేరోజు తీగలన్నీ సడలించి బాగుచేసేవాళ్లకు ఇవ్వండి.

ప్రశ్న: కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను. ఎనిమిది తీగల యుకలేలే మీద గమకాలు పలుకుతాయా?
– ఒక పాఠకుడు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: జారు (ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం) పలుకుతుంది. తీగను పక్కకు లాగి పలికించే గమకం మాత్రం కష్టం. లాగిన తీగ జోడీని నెట్టుకుంటూ పోతుంది. పైగా మంద్ర, తార జంటలో రెండింటినీ ఒకే దూరం లాగినా స్వరం ఒకేలా పెరగదు. ఒకే పదార్థంతో చేసిన తీగల్లో లావుది ఎక్కువ పెరుగుతుంది, జంట అక్కడే విడిపోతుంది. పాలకొల్లులో పుట్టి చెన్నైలో స్థిరపడిన మాండలిన్ శ్రీనివాస్ ఉదాహరణే చూడండి. మామూలు మాండలిన్‌కు నాలుగు జంటలు, ఎనిమిది తీగలు. ఆయన వాయించింది ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్.

మీ వాయిద్యం మీద చేయగలిగింది చెబుతాం. 'ఈ', 'ఏ' జంటల్లో రెండు తీగలూ సమశ్రుతి కాబట్టి గమకానికి వాటినే వాడండి. కంపితానికి వేలిని పక్కకు కాకుండా తీగ పొడవునా ముందుకూ వెనక్కూ ఊపండి, రెండు తీగలూ కలిసి కదులుతాయి. నొక్కేటప్పుడు వేలి కొన మధ్యభాగం రెండు తీగల నడుమ పడాలి, ఫ్రెట్ కడ్డీకి సరిగ్గా వెనక. గోరు వైపుకి వాలితే ఒకటి మూగబోతుంది. ఒకటి శ్రుతిలో పాడేవాళ్లైతే 'ఏ' జంటను 392కి దించండి. 'జీ'తో కలిసి అది పంచమం అవుతుంది, 'సీ' జంట షడ్జమం. దించడమే కాబట్టి తీగకు ముప్పు లేదు. 'ఈ' జంటను పంచమానికి ఎక్కించబోకండి, దానికి బిగువు నలభై శాతం పెరుగుతుంది.