జీడీపీ పెరిగితే పల్లెలో పేదరికం తగ్గుతుందా?

ప్రశ్న: డిగ్రీలో ఎకనామిక్స్ చదువుతున్నాను. దేశం ఆదాయం పెరిగితే పల్లెల్లో పేదరికం దానంతటదే తగ్గిపోతుందని మా సార్ చెప్పారు. ఆ డబ్బంతా నగరాల్లోనే ఆగిపోతుందని నా స్నేహితురాలి వాదన. ఎవరి మాట నిజమండీ?
– ఒక విద్యార్థిని

జవాబు: ఆదాయం పెరగకుండా పేదరికాన్ని పెద్దఎత్తున తగ్గించుకున్న దేశం నాకు కనపడలేదమ్మా. ఆ మేరకు మీ సార్ మాటే నిజం. కానీ తనంతట తానే తగ్గుతుందంటే మాత్రం ఒప్పుకోను. ఎన్ని శాతం పెరిగిందన్నది తర్వాత చూద్దాం. ఏ పనిలో పెరిగింది, ఆ పనికి ఎవరి చేతులు కావాల్సి వచ్చాయి? ముందు అది అడగాలి. రెక్కాడితే గాని డొక్కాడని మనిషికి ఉన్న ఆస్తి ఆ రెక్కలే కదా. వాటికి గిరాకీ పెరిగితేనే కూలి పెరుగుతుంది.

ఆఫ్రికాలోని ఈక్వటోరియల్ గినీ అనే చిన్న దేశం సంగతి చూడండి. 1990లలో అక్కడి సముద్రంలో చమురు పడింది. కొన్నేళ్లకే తలసరి ఆదాయంలో ఆఫ్రికాలో ముందు వరసకు వచ్చేసింది. జనంలో ఎక్కువమంది మాత్రం పేదలుగానే ఉండిపోయారు. చమురు బావికి కావాల్సింది యంత్రాలు, కొద్దిమంది ఇంజనీర్లు. పల్లెలోని కూలీతో దానికేం పని? వచ్చిన సొమ్ము బడిగానో ఆసుపత్రిగానో ఊరికి చేరాలి. అక్కడది పాలకుల గుప్పిట్లోనే ఉండిపోయింది.

చైనా అనగానే అందరూ ఫ్యాక్టరీల గురించే మాట్లాడతారు. నాకు చిరాకు తెప్పించే విషయం అదే. అసలు కథ పొలంలో మొదలైంది. 1978 చలికాలంలో అన్హుయి ప్రావిన్స్‌లోని షియావోగాంగ్ అనే ఊళ్లో 18 మంది రైతులు రహస్యంగా ఒక కాగితం మీద వేలిముద్రలు వేశారు. కమ్యూన్ (అందరూ ఉమ్మడిగా సాగు చేసే ఏర్పాటు) భూమిని ఇళ్లవారీగా పంచుకుని సాగు చేద్దాం, సర్కారుకు ఇవ్వాల్సిన ధాన్యం కోటా కట్టేశాక మిగిలిన పంట ఎవరిది వాళ్లే ఉంచుకుందాం అన్నది ఒప్పందం. బయటపడితే జైలే. ఎవరైనా జైలుకు పోతే వాళ్ల పిల్లల్ని 18 ఏళ్లొచ్చేదాకా మిగతావాళ్లు సాకాలని కూడా అందులోనే రాసుకున్నారు! మరుసటి ఏడు పంట కొన్ని రెట్లు పెరిగింది. 1979లో ప్రభుత్వం ధాన్యం కొనుగోలు ధరను 20 శాతం పెంచింది. 1984కల్లా ఇళ్లవారీ సాగు దాదాపు దేశమంతా పాకింది. పల్లె పేదరికం బాగా పడిపోయింది ఆ కొద్ది ఏళ్లలోనే. ఎగుమతుల హోరు ఆ తర్వాతి మాట. పైగా అక్కడ భూమి ఇంటింటికీ దాదాపు సమానంగా అందింది. వేల ఎకరాలు ఒకరి చేతిలో ఉండి, యంత్రాలే కోతలు కోసే చోట ఎంత పండినా ఇంత ఫలితం రాదు.

ఇక మన దేశం. గౌరవ్ దత్, మార్టిన్ రావలియన్ అనే ఆర్థికవేత్తలు 1951 నుంచి 1991 దాకా సర్వేలు తిరగేశారు. పల్లెల ఆదాయం పెరిగినప్పుడు పల్లెలోనూ పట్నంలోనూ పేదరికం తగ్గిందట. పట్నం ఎదుగుదల మాత్రం పల్లెను పెద్దగా తాకలేదు. మీ స్నేహితురాలు ఇక్కడిదాకా చదివి సంబరపడుతుందేమో, ఆగమనండి. 1991 తర్వాతి లెక్కల్లో పట్నం ఎదుగుదల పల్లె పేదలకూ అందింది. కారణాల్లో ఒకటి భవన నిర్మాణం. అది బోలెడంతమంది కూలీల్ని అడిగే పని. మళ్లీ చేతుల దగ్గరికే వచ్చాం, చూశారా.

ప్రశ్న: అయితే పంటల ధరలు పెంచేస్తే పల్లె పేదరికం పోతుంది కదా?
– ఒక పాఠకుడు

జవాబు: పల్లెలో పేదలంతా ధాన్యం అమ్ముకునేవాళ్లు కాదండీ. భూమిలేని కూలీ కొనుక్కు తినేవాడే. ధర పెరిగి కూలి పెరగకపోతే ఆ ఇంట్లో ముందు తగ్గేది తిండి. సొంత భూమి ఉన్నా తక్కువ చెక్క ఉన్న రైతు పరిస్థితీ అంతే, ఏడాదిలో కొన్ని నెలలు అతనూ కొనాల్సిందే. దిగుబడి పెరిగితే అమ్మేవాడికీ కొనేవాడికీ కలిసొస్తుంది, అందుకే నీళ్లు, విత్తనాలు, రోడ్ల మీద పెట్టే ఖర్చుకే నా ఓటు. ఈసారి జీడీపీ వార్త చదివినప్పుడు, పక్కన వ్యవసాయ కూలి రేటు కూడా వెతకండి. ధరల పెరుగుదలను తీసేశాక అది ఎంత పెరిగిందో చూడండి. ఒక ఏడాదిది చాలదు, అయిదారేళ్లది చూడాలి.