సిగార్ బీరువాకు చల్లదనం పెట్టే ముందు

గుంటూరు

రవీ,

నీ మెసేజ్ చూశాను. సిగార్లు దాచే టేకు బీరువా వెనక బొక్క కొట్టించి పెల్టియర్ కూలర్ (కరెంటు పారితే ఒక పక్క చల్లబడే చిన్న పలకతో పనిచేసేది) బిగిస్తానన్నావు. కార్పెంటర్‌ని ఒక వారం ఆపు. పెల్టియర్ బాగా పనిచేసినా గది వేడి కంటే 10, 15 డిగ్రీలు తగ్గిస్తే గొప్ప, అదీ చిన్న పెట్టెలో. రోహిణి కార్తెలో బెజవాడ మేడ మీద గది 40 దగ్గరికి పోతుంది. అసలు అవసరమైన ఆ రోజుల్లోనే చేతులెత్తేసే వస్తువు మీద డబ్బు పోయొద్దు.

సిగార్లు 18 నుంచి 21 డిగ్రీల మధ్య, 65 నుంచి 70 శాతం తేమలో బాగుంటాయి. నువ్వు 20 మీద నిలుపు. పొగాకు గోదాముల్లో బతికినవాణ్ణి, నా భయమంతా పురుగు గురించే. దాని గుడ్లు ఆకులో ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. చల్లగా ఉన్నంతకాలం కదలవు. వేడి 25 దాటి కొన్నాళ్లు అలాగే ఉంటే పిల్ల పురుగులు బయటికొచ్చి ఆకు తొలుస్తాయి. సిగార్ మీద సూదిమొన అంత రంధ్రం, పక్కన గోధుమరంగు పొడి కనిపిస్తే వెంటనే అన్నిటినీ రెండేసి కవర్లలో మూసి, మైనస్ 18 ఉండే డీప్ ఫ్రీజర్‌లో నాలుగైదు రోజులు ఉంచు. తర్వాత ఒక రోజు మామూలు ఫ్రిజ్‌లో ఉంచి, అప్పుడు బయటికి తియ్యి. ఒక్కసారిగా వేడిలోకి తెస్తే పై ఆకు పగులుతుంది.

ఇక చల్లబరచడం. ఇందులో అందరూ దెబ్బతినేది తేమ దగ్గర. లోపలి గాలి 20 డిగ్రీలు, 70 శాతం ఉంటే, 14 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ లోహం మీదైనా ఆ గాలిలోని నీరు చుక్కలుగా దిగిపోతుంది. ఫ్రిజ్ కాయిల్ అంతకంటే చాలా చల్లగా ఉంటుంది. అందుకే ఫ్రిజ్ యూనిట్ తగిలించిన బీరువాలో కాయిల్ కింద నీళ్లు, పైన ఎండిన సిగార్లు. ఒకపక్క తేమ లాగేస్తూ ఇంకోపక్క తేమ పోస్తూ కూర్చోవాలి.

కాయిల్‌ని అంత చల్లగా పెట్టకపోతే ఈ గొడవే ఉండదు. అక్వేరియంలకు అమ్మే కంప్రెసర్ చిల్లర్, అంటే నీటిని చల్లబరిచే యంత్రం, ఒకటి తీసుకో, మే నెల కోసం ఒక సైజు పెద్దదే తీసుకో. దాన్ని బీరువా బయట, గాలి ఆడే చోట పెట్టి, నీటిని 16 డిగ్రీల దగ్గర ఉంచు. కంప్యూటర్లకు వాడే రేడియేటర్ ఒకటి, చిన్న ఫ్యాను లోపల బిగించి, ఆ నీటిని చిన్న పంపుతో అందులో తిప్పు. అంటే బీరువాకు రెండు పైపులు, కాసిని వైర్లు పట్టేంత బొక్కలు చాలు. బయట ఎస్‌టీసీ-1000 లాంటి ఉష్ణోగ్రత కంట్రోలర్ పెట్టి, పంపు, ఫ్యాను దానికి కలుపు. 20.5కి ఆన్, 19.5కి ఆఫ్. సెన్సార్ రేడియేటర్ ఎదురుగా కాదు, మధ్య అరలో సిగార్ల పక్కన ఉండాలి. వైరింగ్ తెలిసినవాడితో చేయించు, నువ్వు చెయ్యి పెట్టకు.

కానీ ఇదంతా ఇన్సులేషన్ తర్వాతే. ఉత్త చెక్క గోడ వేడిని సరిగా ఆపదు, అంత వేడిని ఆ చిన్న రేడియేటర్ లాగలేదు. రెండు పక్కలా, వెనకా, కిందా, పైనా రెండంగుళాల ఎక్స్‌పీఎస్ (గట్టి ఫోమ్) షీటు బయటివైపు నుంచి వేయించు. లోపల వేస్తే జిగురు వాసన సిగార్లకు పట్టేస్తుంది. అతుకుల మీద అల్యూమినియం టేపు అంటించాలి, లేకపోతే బయటి తేమ సందుల్లోంచి దూరి చెక్క ఉబ్బుతుంది. మా మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ఈ పని చేసే మేస్త్రీలకు ఇది కొట్టిన పిండి.

శ్రావణంలో ఇంకో తంటా వస్తుంది. అప్పుడు మన గాలిలో ఎంత తేమ ఉంటుందంటే, చల్లటి నీళ్ల గ్లాసుకు పట్టినట్టు నీ అద్దం తలుపుకు బయట చెమట పడుతుంది. దానికి డబుల్ గ్లాస్ వేయించు. నీటి పైపులకు ఏసీ మెకానిక్‌లు వాడే నల్ల ఫోమ్ గొట్టం తొడిగించు, లేకపోతే నేలంతా తడి.

తేమ కొలిచే హైగ్రోమీటర్‌ని నమ్మే ముందు పరీక్షించు. మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేలా నాలుగు చుక్కల నీళ్లు వేసి, ఆ మూతనీ హైగ్రోమీటర్‌నీ ఒకే కవర్లో మూసి రాత్రంతా ఉంచితే 75 చూపాలి. తేడా ఎంతో రాసిపెట్టుకో. తేమను 65 శాతం దగ్గర నిలిపే ప్యాకెట్లు చాలు, ఊరికే తలుపు తీసి చూడకు. కరెంటు పోయినా తలుపు మూసే ఉంచు.

ఇవన్నీ పడమటి ఎండ కొట్టే గోడ ఉన్న గదిలో చేయొద్దు. నడిమి గదిలోకి మార్చు. పొగ ఒంటికి మంచిది కాదని నీకు తెలుసు, ఆ మాట మళ్లీ ఎత్తను. మీ నాన్న ముచ్చటపడి చేయించిన బీరువా అది, పాడు కాకూడదని నా తాపత్రయం.

బీరువా వెడల్పు, ఎత్తు, లోతు, చెక్క మందం కొలిచి పంపు. షీటు ఎంత పడుతుందో లెక్కగట్టి చెబుతాను, మేస్త్రీని కూడా ఇక్కణ్ణుంచే పంపిస్తాను. అంతా బిగించాక సిగార్లు పెట్టకుండా ఒక వారం ఖాళీగా నడిపి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి రీడింగులు నాకు రాయి.

మీ మామయ్య