టెక్ సందేహాలు: ఆర్సీ విమానంతో గిరికీలు కొట్టించాలంటే ఎడమ బొటనవేలికి పని చెప్పాలి

ఈ వారం రేడియో కంట్రోల్ (ఆర్సీ) విమానాల గురించి వచ్చిన మెయిళ్లన్నీ ఒకచోట పెట్టుకుని చదివాను. అడిగినవాళ్లు వేరు, విమానాలు వేరు, కానీ చిక్కు దాదాపు అందరిదీ ఒకటే. విమానాన్ని కుడి బొటనవేలితో మాత్రమే నడుపుతున్నారు. మన దగ్గర ఎక్కువగా కనిపించే మోడ్ 2 ట్రాన్స్‌మిటర్‌లో ముక్కుని పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్, రెక్కల్ని పక్కకి ఒరిగించే ఎయిలరాన్ కుడి స్టిక్‌ మీద, మోటర్ వేగం పెంచి తగ్గించే థ్రాటిల్, ముక్కుని ఎడమకీ కుడికీ తిప్పే రడ్డర్ ఎడమ స్టిక్‌ మీద ఉంటాయి. గ్రౌండ్ చుట్టూ తిప్పి దింపేయడానికి కుడి చెయ్యి చాలు కాబట్టి, ఎడమ చెయ్యి థ్రాటిల్‌ని ఒకచోట పెట్టేసి ఊరుకుంటుంది. లూపులు (గాల్లో నిలువుగా గుండ్రంగా తిప్పడం), రోల్స్ (ముందుకి వెళ్తూనే పక్కకి పూర్తిగా దొర్లించడం) మొదలుపెట్టాక ఆ అలవాటే అడ్డం పడుతుంది. కింది జవాబుల్లో ఈ మాట మళ్లీ మళ్లీ వస్తుంది, ఏమీ అనుకోకండి.

హనుమకొండ నుంచి ఒక బీటెక్ విద్యార్థి: ఫోమ్ ట్రైనర్ విమానం ఎగరేయడం, దింపడం వచ్చేసింది. ఇప్పుడు ఏరోబాటిక్స్ నేర్చుకోవాలి. సిమ్యులేటర్ కొనాలా? ఫోన్‌లో యాప్ సరిపోతుందా? నా దగ్గర గేమ్‌ప్యాడ్ కూడా ఉంది.

సిమ్యులేటర్ కావాలి, అందులో రెండో మాట లేదు. అయితే ఫోన్ స్క్రీన్ మీద వేళ్లు జరపడం వల్ల స్టిక్ అలవాటు కాదు. గేమ్‌ప్యాడ్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. దాని స్టిక్‌లు పొట్టివి, పైగా వదిలేస్తే మధ్యకి వచ్చేస్తాయి. అసలు ట్రాన్స్‌మిటర్‌లో థ్రాటిల్ స్టిక్ ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. గేమ్‌ప్యాడ్‌తో నెల రోజులు ఆడితే మీ ఎడమ బొటనవేలు తప్పుడు పాఠం నేర్చుకుంటుంది, అది మాన్పించడానికి ఇంకో నెల పడుతుంది.

మీ ట్రాన్స్‌మిటర్‌నే కంప్యూటర్‌కి కలపండి. ఎడ్జ్‌టీఎక్స్‌ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియోమాస్టర్ లాంటివైతే యూఎస్‌బీ కేబుల్ గుచ్చి, తెరమీద జాయ్‌స్టిక్ అని ఎంచుకుంటే చాలు. ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 అయితే వెనక ఉన్న గుండ్రటి ట్రైనర్ పోర్టుకి సరిపోయే సిమ్యులేటర్ కేబుల్ విడిగా కొనుక్కోవాలి. సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే డబ్బు పెట్టగలిగితే రియల్‌ఫ్లైట్ బాగుంటుంది, లేదంటే ఉచితంగా దొరికే పికాసిమ్‌తో మొదలుపెట్టండి. నేర్చుకునే దశలో ఈ రెంటి మధ్య తేడా మీకు పెద్దగా అడ్డు రాదు.

సెట్టింగుల్లో మాత్రం రెండు చూసుకోండి. కెమెరా విమానం వెనకే వెళ్లేలా పెట్టకండి, నేలమీద నిలబడిన మనిషి కళ్లతో చూసే వ్యూ పెట్టండి, ఎందుకంటే రేపు గ్రౌండ్‌లో మీకు కనిపించేది అదే. రెండోది గాలి. సిమ్యులేటర్‌లో గాలి లేకుండా ఉంటే గంటకి 10 నుంచి 15 కిలోమీటర్ల గాలి పక్కనుంచి వీచేలా పెట్టి చూడండి, విమానం ఒకేచోట నిలవకుండా పక్కకి జరుగుతుంటే దాన్ని గీత మీద ఉంచడానికి రడ్డర్ ఎందుకుందో మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది.

ఆదివారం నాలుగు గంటలు కూర్చోవడం కన్నా రోజుకి ఇరవై నిమిషాలు మేలు. ఆ ఇరవై నిమిషాల్లో కూడా ఒకటే విన్యాసం, ఎడమవైపుకి పది సార్లు, కుడివైపుకి పది సార్లు. అందరికీ ఒకవైపు తేలిగ్గా వస్తుంది, రెండోవైపు రాదు, రాని వైపే ఎక్కువ చెయ్యాలి.

తెనాలి నుంచి: లూప్ కొట్టిస్తే పైకి బాగానే వెళ్తుంది కానీ దిగేటప్పుడు పక్కకి వచ్చేస్తోంది. మొదలుపెట్టిన చోటికి చేరట్లేదు. సర్వో పాడైందా?

సర్వో, అంటే పలకల్ని కదిపే చిన్న మోటర్, పాడయ్యే అవకాశం తక్కువ. మొదట మీరు ఎలివేటర్ లాగే క్షణంలో రెక్కలు నిజంగా సమంగా ఉన్నాయా చూడండి. ఐదు డిగ్రీల వాలు ఉన్నా సరే, లూప్ పూర్తయ్యేసరికి అది మెలితిరిగి స్ప్రింగులా కనిపిస్తుంది. అందుకే ముందు రెండు సెకన్లు తిన్నగా ఎగరనివ్వండి, గాలికి ఎదురుగా మాత్రమే మొదలుపెట్టండి.

అది సరిగ్గా ఉన్నా పక్కకే పోతుంటే ఏదో ఒక రెక్క బరువుగా ఉన్నట్టు. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర, వెనక తోక దగ్గర దారంతో పట్టుకుని విమానాన్ని వేలాడదీయండి. ఎటు ఒరిగితే అటు రెక్క బరువు. రెండో రెక్క చివర చిన్న నాణెం టేపుతో అంటించి మళ్లీ చూడండి. ఎంతోమంది ఎలక్ట్రానిక్స్ మార్చి మార్చి చూస్తారు గానీ ఈ దారం పరీక్ష చెయ్యరు. చేస్తే పావుగంట కూడా పట్టదు.

ఇక ఎడమ చెయ్యి సంగతి. లూప్ అంటే ఎలివేటర్ లాగి పట్టుకోవడం ఒక్కటే కాదు. లోపలికి వెళ్లేటప్పుడు ఫుల్ థ్రాటిల్, మెల్లగా లాగడం. పైకెక్కేకొద్దీ వేగం తగ్గుతుంది, అప్పుడు ప్రొపెల్లర్ తోసే గాలి వల్ల ముక్కు ఎడమకి తిరగబోతుంది, కాస్త కుడి రడ్డర్ ఇవ్వాలి. పైన తలకిందులుగా ఉన్నప్పుడు ఎలివేటర్‌ని కొద్దిగా వదలాలి, లేకపోతే లూప్ పైభాగం నలిగిన గుడ్డులా అవుతుంది. కిందికి దిగుతుంటే థ్రాటిల్ బాగా తగ్గించాలి, అడుగున తిన్నగా అయ్యాక మళ్లీ పెంచాలి. మోటర్ శబ్దం వింటే చాలు, లూప్ ఎలా వస్తోందో కళ్లు మూసుకుని కూడా చెప్పేయొచ్చు. మొదటినుంచి చివరిదాకా ఒకే శబ్దం వినిపిస్తుంటే ఎడమ చెయ్యి పని చెయ్యట్లేదన్నమాట.

హైదరాబాద్, మియాపూర్ నుంచి: రోల్ చేస్తే ప్రతిసారీ ముప్ఫై అడుగులు కిందికి జారిపోతోంది. ఒకసారి నేలకి తగిలి ముక్కు విరిగింది. మోటర్ పవర్ పెంచాలా?

పవర్ పెంచకండి. మీరు రాసిన దాన్నిబట్టి చూస్తే ముక్కు ఎత్తడానికి లాగిన ఎలివేటర్‌ని వదలకుండానే ఎయిలరాన్ కొడుతున్నారు. విమానం తలకిందులైన క్షణంలో 'పైకి' అనే ఎలివేటర్ నేలవైపుకి లాగుతుంది. భయంతో మనం ఇంకాస్త లాగుతాం, అది ఇంకా కిందికి పోతుంది.

ఇలా చెయ్యండి. ముక్కుని 15, 20 డిగ్రీలు పైకెత్తి, కుడి స్టిక్‌ని పూర్తిగా మధ్యకి తెచ్చి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు ఎయిలరాన్ పూర్తిగా. ఆ మధ్యలో ఆగడమే ముఖ్యం. మొదట్లో నోటితో చెప్పుకోండి: ఎత్తు, వదులు, తిప్పు. ఇది పక్కాగా వచ్చాక, తలకిందులైనప్పుడు ఎలివేటర్ కాస్త ముందుకి తొయ్యడం కలపండి.

ఆ తర్వాతిది నెమ్మది రోల్, అక్కడ రడ్డర్ లేకుండా పనే జరగదు. కుడివైపుకి తిప్పుతుంటే మొదట కుడిరెక్క నేలవైపుకి నిలువుగా వస్తుంది, అప్పుడు ముక్కు జారకుండా ఎడమ రడ్డర్. తలకిందులయ్యాక ఎలివేటర్ ముందుకి. ఎడమరెక్క నేలవైపుకి వచ్చినప్పుడు కుడి రడ్డర్. చదువుతుంటే తికమకగా ఉంటుంది, కాబట్టి చేతిలో చిన్న బొమ్మ విమానం పట్టుకుని గదిలో నెమ్మదిగా తిప్పుతూ, ఏ దశలో ఏ వేలు ఎటు కదలాలో చూసుకోండి. అసలు విమానాలతో విన్యాసాలు చేసే పైలట్లు కూడా ఎగిరే ముందు నేలమీద చేతులతో మొత్తం వరస ఇలాగే చేసి చూసుకుంటారు. ఆ వరసని కాగితం మీద గీసుకోవడానికి స్పెయిన్ పైలట్ హోసే లూయిస్ అరెస్టీ తయారుచేసిన గుర్తులు ఉన్నాయి. గీత మొదట్లో చుక్క, చివర్లో అడ్డగీత, మధ్యలో ఏ మలుపు ఎటో అంతా ఉంటుంది. మూడు నాలుగు విన్యాసాలు కలిపి చెయ్యడం మొదలుపెట్టాక ఆ గుర్తులు నేర్చుకోండి.

ఎత్తు మాటేమిటంటే, రెండు పొరపాట్లు వరసగా జరిగినా సర్దుకోగలిగేంత ఎత్తులో మొదలుపెట్టాలి. తలకిందులుగా ఎగరడం మొదటిసారి నేను తక్కువ ఎత్తులో ప్రయత్నించాను, తొయ్యాల్సిన చోట లాగాను, మూడు వారాలు కూర్చుని అతికించుకున్న విమానం ఒక్క సెకనులో పోయింది. ఆ సెకనులో ఆలోచించే టైమ్ ఉండదు, వేలికి వచ్చిందే చేస్తాం. అందుకే ముందు సిమ్యులేటర్‌లో వేలికి నేర్పమంటున్నాను.

విజయవాడ నుంచి: స్టెబిలైజేషన్ గైరో ఉన్న విమానం కొన్నాను. అది ఆన్‌లో ఉంటే రోల్ అవ్వట్లేదు. ఆఫ్ చేస్తే టెన్షన్. నేర్చుకోవడానికి గైరో మంచిదా, చెడ్డదా?

గైరోలో రెండు రకాల సాయాలున్నాయి, వాటిని కలిపేసుకుంటున్నారు. ఒకటి, స్టిక్ వదిలేస్తే విమానాన్ని తనే సమంగా చేసేది, ఎంత వంగాలో హద్దు పెట్టేది. స్పెక్ట్రమ్ వాళ్ల 'సేఫ్' అనేది ఇలాంటిది. ఇది ఆన్‌లో ఉంటే రోల్ కాదు, కాకూడదు కూడా, దాని పనే అది. రెండోది, గాలి కుదుపుల్ని మాత్రం సరిచేసేది, అదే కంపెనీ ఏఎస్3ఎక్స్ లాంటిది. ఇది విన్యాసాలకి అడ్డు రాదు.

కాబట్టి మొదటిదాన్ని ఒక స్విచ్ మీద పెట్టుకోండి, ఎత్తులో ఉన్నప్పుడు ఆఫ్ చేసి సాధన చెయ్యండి, దారి తప్పితే ఆన్. కానీ ఆ స్విచ్ ఎక్కడుందో చూడకుండా వేలు వెళ్లేంత అలవాటు ముందే అవ్వాలి. రెండోది ఉంచుకోండి, అయితే వారానికి ఒక ఫ్లైట్ అది కూడా లేకుండా ఎగరేయండి. గైరో రడ్డర్ పనిని చాటుగా చేసేస్తుంటే మీ ఎడమ బొటనవేలు బద్ధకం నేర్చుకుంటుంది.

ఎడమ చేతికి ఇంతకన్నా మంచి కసరత్తు లేదనిపించే విన్యాసం స్టాల్ టర్న్. విమానాన్ని నిట్టనిలువుగా ఎక్కించి, థ్రాటిల్ మెల్లగా తగ్గించి, అది ఆగిపోబోయే ముందు పూర్తి రడ్డర్, దాంతోపాటే ఒక్క చిటికెడు థ్రాటిల్, ఆ గాలి రడ్డర్‌కి తగిలి విమానం అక్కడికక్కడే పక్కకి తిరిగి వచ్చిన దారినే దిగుతుంది. తొందరపడితే పెద్ద వంపు తిరుగుతుంది, ఆలస్యమైతే తోకమీద జారుతుంది. ఆ సరైన క్షణం దొరికిన రోజు కలిగే ఆనందం వేరు.

కర్నూలు నుంచి: ఎక్స్‌పో, డ్యూయల్ రేట్ ఎంత పెట్టాలి? వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతున్నారు.

డ్యూయల్ రేట్ అంటే స్టిక్ చివరిదాకా తోస్తే రెక్కమీదో తోకమీదో ఉన్న పలక ఎంత కదలాలో నిర్ణయించేది, ఎక్స్‌పో అంటే స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు ఎంత మెత్తగా స్పందించాలో నిర్ణయించేది. లూపులు, రోల్స్ నేర్చుకోవడానికి ఎలివేటర్ 12 నుంచి 15 డిగ్రీలు కదిలితే చాలు, ఎక్స్‌పో 25, 30 శాతం. ముక్కు పైకెత్తి గాల్లో వేలాడే త్రీడీ విన్యాసాలకి 45 డిగ్రీల దాకా కదలిక, 60 శాతం దాకా ఎక్స్‌పో పెడతారు, అది మీకు ఇప్పుడొద్దు.

ఒక జాగ్రత్త. కొన్ని కంపెనీల్లో మెత్తబడాలంటే మైనస్ పెట్టాలి, కొన్నింటిలో ప్లస్. ఫుటాబాలో మైనస్, స్పెక్ట్రమ్‌లో ప్లస్. తప్పు గుర్తు పెడితే విమానం స్టిక్ ముట్టుకుంటే ఎగిరిపడుతుంది. నంబర్ గుర్తుపెట్టుకునే బదులు తెరమీద గ్రాఫ్ చూడండి, గీత మధ్యలో పడుకున్నట్టు, చివర్లలో నిటారుగా ఉండాలి.

బాపట్ల నుంచి: ట్రైనర్‌తోనే తలకిందులుగా ఎగరేయొచ్చా?

కొద్దిసేపు నడుస్తుంది కానీ కష్టం. ట్రైనర్ రెక్క పైన ఉంటుంది, చివర్లు పైకి వంగి ఉంటాయి, అడుగు భాగం చదునుగా ఉంటుంది, అన్నీ తిన్నగా ఎగరడం కోసం చేసినవే. అదెప్పుడూ మళ్లీ తిన్నగా అయిపోవాలనే చూస్తుంది. రెక్క రెండువైపులా ఒకేలా ఉబ్బెత్తుగా ఉండే విమానానికి మారండి. తలకిందులుగా ఉన్నప్పుడు ఎలివేటర్, రడ్డర్ ఉల్టా అవుతాయి, ఎయిలరాన్‌తో తిరిగే వైపు మాత్రం మారదు. మీవైపుకి వస్తున్నప్పుడు తికమక పడితే, ఏ రెక్క కిందికి ఉందో ఆ వైపుకే స్టిక్ తొయ్యండి, రెక్క లేస్తుంది.

ఖమ్మం నుంచి ఒక తండ్రి: వాయుసేన సూర్యకిరణ్ విన్యాసాలు చూసినప్పటినుంచి మా పదమూడేళ్ల అబ్బాయి ఆర్సీ విమానం కావాలంటున్నాడు. ప్రమాదమా? పర్మిషన్ కావాలా?

కొనివ్వండి, మంచి ఆసక్తి. 250 గ్రాముల లోపు ఫోమ్ విమానంతో మొదలుపెట్టండి. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం అది నానో తరగతి, 2 కిలోల దాకా మైక్రో. ఈ రెండింటికీ సరదాకి ఎగరేసేటప్పుడు రిమోట్ పైలట్ లైసెన్స్ అక్కర్లేదు. కానీ చోటు ముఖ్యం. ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ ఊరు చూసుకోండి, గ్రీన్ జోన్‌లో మామూలుగా 400 అడుగుల దాకా, విమానాశ్రయం సరిహద్దు నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల దాకానే. రెడ్ జోన్ అయితే అక్కడ వద్దు.

ప్రొపెల్లర్ వేలు తెగ్గొట్టగలదు. బ్యాటరీ కలిపేముందు థ్రాటిల్ కిందికి ఉందో లేదో చూడటం, కలిపాక ప్రొపెల్లర్ ముందు నిలబడకపోవడం మొదటిరోజే నేర్పండి. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని ఎండలో నిలిపిన కారులో వదలొద్దు, మన వేసవిలో అది ఉబ్బిపోవడానికి ఒక మధ్యాహ్నం చాలు. వారం దాకా వాడకపోతే సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచండి, ఛార్జ్ చేసేటప్పుడు పక్కన మనిషి ఉండాలి.

కోత అయిపోయిన పొలం, పొద్దున ఆరున్నర, గాలి లేని టైమ్ చూసుకోండి. కరెంటు తీగలు దూరంగా ఉండాలి, సంక్రాంతి రోజుల్లో గాలిపటాల దారాలు ఉన్నచోట వద్దే వద్దు. గద్దలు కూడా ఒక్కోసారి విమానం మీదికి వస్తాయి. అబ్బాయి కళ్లు విమానం మీదే ఉంటాయి, కాబట్టి పక్కన నిలబడి ఆకాశంలో ఇంకేముందో, గ్రౌండ్‌లోకి ఎవరొస్తున్నారో చెప్పే పని మీరు తీసుకోండి.