మరిది ఖాతాలో డబ్బు చూపిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా వారు ఆర్టీసీలో పనిచేస్తారు. అబ్బాయికి బర్మింగ్‌హామ్‌లో ఏడాది ఎమ్మెస్సీలో సీటు వచ్చింది. 2026 సెప్టెంబరులో చేరాలి. ఫీజు 17,000 పౌండ్లు, అందులో 5,000 కట్టేశాం. మా వారి పేరు మీద 14 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఇంకా పాడుకోని చిట్టీ, 20 తులాల బంగారం, ఎకరంన్నర పొలం ఉన్నాయి. మా మరిది ఆ ఊళ్లోనే ఉంటాడు, బ్రిటన్ పౌరుడు. తన ఇంట్లో ఉంటే ఫీజు తగ్గుతుందేమో అంటున్నాడు, కావాలంటే తన ఖాతాలో డబ్బు చూపిస్తానంటున్నాడు. కన్సల్టెన్సీ వాళ్లేమో కమీషన్ ఇస్తే నెల రోజులు డబ్బు వేసి ఉంచుతామంటున్నారు. పొలం అమ్మేయాలా?

జవాబు: పొలం జోలికి వెళ్లకండి, ఆ అవసరం లేదు. కమీషన్ బేరం మాత్రం ఈరోజే ఆపేయండి. మోసపు పత్రాలు పెట్టారని తేలితే వీసా రాకపోవడం ఒక్కటే కాదు, పదేళ్ల వరకు నిషేధం పడొచ్చు. అది పడేది కన్సల్టెన్సీ మీద కాదు, మీ అబ్బాయి మీద.

మీ మరిది మంచి మనసుతోనే అన్నాడు కానీ రెండు మాటలూ నిలవవు. అక్కడి పిల్లలు కట్టే హోం ఫీజు రావాలంటే విద్యార్థికే అక్కడ శాశ్వత నివాస హక్కు ఉండాలి. పైగా కోర్సు మొదలయ్యే ముందు మూడేళ్లు అక్కడే ఉండి ఉండాలి, అదీ ప్రధానంగా చదువు కోసమే అయితే లెక్కలోకి రాదు. బాబాయికి పౌరసత్వం ఉన్నంత మాత్రాన ఫీజు తగ్గదు. ఖాతా విషయమూ అంతే. డబ్బు విద్యార్థి పేరునో, తల్లిదండ్రులు లేదా చట్టబద్ధ సంరక్షకుల పేరునో ఉండాలి. బాబాయి ఖాతా చెల్లదు.

స్టూడెంట్ వీసాకు ఎంత డబ్బు చూపించాలో చూద్దాం. మిగిలిన ఫీజు 12,000 పౌండ్లు. దానికి తోడు జీవన వ్యయం కింద లండన్ బయట నెలకు 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలకు 10,539 పౌండ్లు. ఇది 2025 నవంబరులో పెరిగిన రేటు, పాత అంకెతో లెక్క చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. బాబాయి ఇంట్లో అద్దె లేకుండా ఉన్నా చూపించాల్సిన మొత్తం తగ్గదు. మొత్తం 22,539 పౌండ్లు. పౌండు 120 రూపాయలు అనుకుంటే సుమారు 27 లక్షలు. దరఖాస్తు పెట్టే రోజు మారకపు రేటే లెక్క కాబట్టి 29 లక్షలు పెట్టుకోండి.

ఎఫ్‌డీ 14 లక్షలు పనికొస్తుంది. మా వారి పేరు మీద ఉంది కదా అన్న టెన్షన్ వద్దు, తల్లిదండ్రుల పేర్లున్న అబ్బాయి జనన ధ్రువీకరణ పత్రం, ఆయన సమ్మతి లేఖ జతచేస్తే చాలు. అయితే పన్ను ఆదా కోసం వేసిన ఐదేళ్ల ఎఫ్‌డీ కాకూడదు, డబ్బు అడిగినప్పుడు చేతికొచ్చేదై ఉండాలి. పొలం, బంగారం, పీఎఫ్, నడుస్తున్న చిట్టీ, మ్యూచువల్ ఫండ్లు ఎంతున్నా లెక్కలోకి రావు.

మిగతా 15 లక్షలకు అబ్బాయి పేరు మీద విద్యారుణం తీసుకోండి, మీ వారు సహ రుణగ్రహీతగా ఉండొచ్చు. బ్యాంకు మంజూరు లేఖ దరఖాస్తు నాటికి ఆరు నెలలు దాటి ఉండకూడదు. రుణానికి 28 రోజుల నియమం లేదు, అదొక సుఖం. ఎఫ్‌డీకి ఉంది: వరుసగా 28 రోజులు ఒక్కరోజు కూడా అవసరమైన మొత్తం కంటే తగ్గకూడదు, ఆ 28వ రోజు దరఖాస్తుకు 31 రోజుల లోపే ఉండాలి. మధ్యలో పెళ్లి ఖర్చులకో, ఎరువుల బాకీకో కాస్త తీసి మళ్లీ వేద్దాం అనుకుంటే లెక్క మొదటికొస్తుంది.

ఇవన్నీ చూపించే డబ్బులు. చేతి నుంచి పోయేవి వేరే. 2025 రేట్ల ప్రకారం వీసా రుసుము 524 పౌండ్లు, అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టే హెల్త్ సర్‌చార్జ్ ఏడాదికి 776. పన్నెండు నెలల కోర్సుకు వీసా సుమారు పదిహేడు నెలలుంటుంది కాబట్టి సర్‌చార్జ్ ఏడాదిన్నరకు, 1,164 పౌండ్లు. రెండూ కలిపి రెండు లక్షలు దాటతాయి. టీబీ పరీక్ష, విమానం టికెట్ దీనికి అదనం. చిట్టీ పాడుకోవాల్సింది ఇందుకు.

ఫీజు రుణంలోంచి కట్టండి, బ్యాంకు విద్యారుణం మీద టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) పడదు. ఖర్చులకు ఎఫ్‌డీలోంచి కొద్దికొద్దిగా పంపండి. ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల లోపు పంపితే దానికీ టీసీఎస్ ఉండదు, కోర్సు ఎలాగూ రెండు ఆర్థిక సంవత్సరాల్లో పడుతుంది.

అబ్బాయి పార్ట్‌టైం చేసి అప్పు తీరుస్తాడన్న ఆశ పెట్టుకోవద్దు. వారానికి 20 గంటలే అనుమతి. మాస్టర్స్ వాళ్లకు వేసవిలో డిసర్టేషన్ (కోర్సు చివరి పరిశోధన వ్యాసం) రాసే కాలమూ చదువు కిందే లెక్క, సెలవు కాదు. బైక్ మీద డెలివరీ యాప్‌ల పని స్వయం ఉపాధి కిందకి వస్తుంది, అది పూర్తిగా నిషేధం. ఇతరుల ఐడీతో చేసేవాళ్లున్నారు, పట్టుబడితే వీసాయే పోతుంది.

చదువయ్యాక అక్కడే ఉండి పనిచేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లు ఉంటుందని మీకు చెప్పి ఉంటారు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టేవాళ్లకు మాస్టర్స్ తర్వాత 18 నెలలే, మీ అబ్బాయి ఆ కోవలోకే వస్తాడు. 2025 రేట్ల ప్రకారం ఆ వీసాకు, దాని సర్‌చార్జ్‌కు కలిపి ఇంకో 2,400 పౌండ్ల పైనే అవుతుంది. ఆ తర్వాత అక్కడే ఉండాలంటే ఉద్యోగం ఆధారంగా ఇచ్చే స్కిల్డ్ వర్కర్ వీసా కావాలి. జీతం సాధారణంగా ఏడాదికి కనీసం 41,700 పౌండ్లు, కొత్తగా చేరేవాళ్లకు 33,400. ఆ స్థాయి ఉద్యోగం అందరికీ రావడం లేదు.

అందుకే అప్పును రూపాయి జీతంతో లెక్కేసుకోమంటాను. 15 లక్షలకు 10.5 శాతం వడ్డీతో పదేళ్లకు నెల వాయిదా దాదాపు 20,250 రూపాయలు. అబ్బాయి తిరిగొచ్చి హైదరాబాద్‌లో చేరినా కట్టగలిగే మొత్తమే. కోర్సు నడిచే కాలంలో మీ వారి జీతంలోంచి నెలకు 13,125 వడ్డీ కట్టేస్తే అసలు పెరగదు. అది మీ ఇంటి ఖర్చుల్లో ఇముడుతుందో లేదో బ్యాంకుకు వెళ్లేముందు ఇద్దరూ కూర్చుని చూసుకోండి. ఇమడదంటే రుణం తగ్గించి బంగారంలో కొంత అమ్మి ఆ డబ్బు ఎఫ్‌డీలో కలపండి, అదీ దరఖాస్తుకు రెండు నెలల ముందే.