రెండు మూడు అంతస్తుల స్టీల్ బిల్డింగ్‌కి భూకంప కోడ్ సరిపోతుందో లేదో ఎలా తేలుస్తారు?
డిజైన్ కోడ్ (బిల్డింగ్ ఎలా కట్టాలో చెప్పే నియమాలు) ప్రకారం పాసైంది కదా, ఇంకేం చూడాలి అంటే, కోడ్ ఇచ్చే బలం అసలు భూకంప బలం కాదు. స్టీలు తెగకుండా సాగి ఆ శక్తిని మింగేస్తుందన్న నమ్మకంతో బాగా తగ్గించి ఇస్తారు, అమెరికా కోడ్‌లో స్పెషల్ మొమెంట్ ఫ్రేమ్‌కైతే (బీమ్‌లూ కాలమ్‌లూ గట్టిగా బిగిసి, బాగా సాగేలా డిజైన్ చేసిన చట్రం) ఏకంగా 8తో భాగిస్తారు. కాబట్టి తేల్చాల్సింది ఆ సాగే గుణం నిజంగా ఉందా అని.

అమెరికాలోని కాలిఫోర్నియాలో వచ్చిన 1994 నార్త్‌రిడ్జ్ భూకంపంలో చాలా చోట్ల లేదని తేలింది. పైకి బాగానే కనిపించిన బిల్డింగుల్లో కూడా, పూత తొలగించి చూస్తే బీమ్ కింది ఫ్లాంజ్ (అడ్డంగా ఉండే పట్టీ) కాలమ్‌ని కలిసే వెల్డు దగ్గర పగుళ్లు! తక్కువ అంతస్తులవీ తప్పించుకోలేదు.

ఆ గుణాన్ని లెక్కగట్టి చూడడానికి ఇప్పుడు ఫీమా (అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ) పీ-695 పద్ధతి ఉంది. కోడ్ ప్రకారం కొన్ని నమూనా బిల్డింగులు డిజైన్ చేసి, కంప్యూటర్‌లో 22 జతల భూకంప రికార్డులతో ఊపుతూ, కూలేదాకా తీవ్రత పెంచుతూ పోతారు. కోడ్ లెక్కలోకి తీసుకునే అతిపెద్ద భూకంపానికి కూలే అవకాశం సగటున 10 శాతం దాటకూడదు.

పొట్టి బిల్డింగులతో ఒక చిక్కుంది. వాటి ఊగే కాలం తక్కువ, అందుకే ఒకసారి స్టీలు లొంగాక (తిరిగి మామూలు ఆకారానికి రానంతగా సాగాక) కదలిక ఎలాస్టిక్ లెక్క, అంటే స్టీలు లొంగదనుకుని వేసిన లెక్క, కంటే ఎక్కువొస్తుంది, మోడల్‌లో ఇవే ముందు కూలతాయి. నిజం భూకంపాల్లో అన్నేసి బిల్డింగులు కూలడం లేదు మరి. మోడల్‌లో వదిలేసిన గోడలూ, పునాది కింద మట్టి మెత్తదనమూ కొంత కారణం. అందుకే కూలే అవకాశం అనే ఒక్క నంబరు చూసి కోడ్‌ని తిట్టను, ముందు జాయింట్ డ్రాయింగ్ అడుగుతాను.