కంప్యూటరు సందేహాలు: పాత ఉబుంటులో వైఫై

ప్రశ్న: అయ్యా, మాది ఇందుకూరుపేట మండలం. రొయ్యల చెరువుల మేత లెక్కలు, కూలీల బాకీలు రాసుకోవడానికి 2009లో కొన్న ల్యాప్‌టాప్‌నే ఇప్పటికీ వాడుతున్నాను. అందులో ఉన్న ఉబుంటు 14.04ను (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) ఈ మధ్య చెరిపి, దాచుకున్న పెన్‌డ్రైవ్‌తో మళ్లీ అదే వేసుకున్నాను. అప్పటి నుంచి వైఫై కనిపించడం లేదు. నెల్లూరు ట్రంకురోడ్డులో ఒక షాపులో చూపిస్తే కార్డు పోయిందన్నారు. మా మేనల్లుడు ఫోన్లో చెప్పగా టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) వెతికితే ‘బ్రాడ్‌కామ్ బీసీఎం4312’ అనీ, పక్కనే 14ఈ4:4315 అనీ వచ్చింది. కార్డు నిజంగా పోయిందా? కొత్త ఉబుంటు వేస్తే లెక్కల ప్రోగ్రాం ఆగిపోతుందేమోనని భయంగా ఉంది.
– ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా

జవాబు: కార్డు పోలేదని చెప్పడానికి మీరు రాసిన ఆ నంబరే ఆధారం. పూర్తిగా చెడిపోయిన కార్డు సాధారణంగా టెర్మినల్ చూపించే పరికరాల జాబితాలోకే రాదు. మీ కార్డు తన పేరూ నంబరూ చెప్పుకుంటోంది కాబట్టి దానికి కరెంటు అందుతోంది, మదర్‌బోర్డు దాన్ని గుర్తిస్తోంది. లేనిదల్లా దాన్ని నడిపించే సాఫ్ట్‌వేరు.

ఈ రకం కార్డుకు ఉబుంటుకు గుండెకాయ లాంటి లినక్సు కర్నెల్‌లో ‘బీ43’ అనే డ్రైవర్ ఉంది గానీ, అది పనిచేయాలంటే కార్డులోకి ఎక్కించే ఫర్మ్‌వేర్ అనే చిన్న ఫైలు కూడా కావాలి. ఆ ఫైలును ఉచితంగా పంచిపెట్టే హక్కు లేనందువల్ల ఉబుంటు దాన్ని తనతో కలిపి ఇవ్వలేదు. దాన్ని తెచ్చిపెట్టే ప్యాకేజీ (స్థాపించుకునే సాఫ్ట్‌వేరు మూట) ఒకటి ఉన్నా, అది ఫైలును ఇంటర్నెట్‌ నుంచే దించుకుంటుంది. నెట్ కోసం వెతుక్కునేవాడికి నెట్ ఉంటేనే నెట్ వస్తుందనడం ఎంత విడ్డూరమో చూడండి.

మీకు అంతకంటే దగ్గరి దారి ఉంది. ‘బీసీఎండబ్ల్యూఎల్-కర్నెల్-సోర్స్’ అనే మరో డ్రైవర్ ప్యాకేజీ మీరు దాచుకున్న పెన్‌డ్రైవ్‌లోనే, ‘పూల్’ అనే ఫోల్డరు లోపలి ‘రిస్ట్రిక్టెడ్’ విభాగంలో ఉంటుంది. అది స్థాపితమవడానికి కావలసిన, డ్రైవర్‌ను కర్నెల్‌కు తగ్గట్టు తయారుచేసే ‘డీకేఎంఎస్’ ప్యాకేజీ పక్కనే ‘మెయిన్’ విభాగంలో దొరుకుతుంది. ముందు డీకేఎంఎస్‌నూ, తర్వాత డ్రైవర్‌నూ స్థాపించి, యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్లీ వేయండి. ఇంకేదైనా ప్యాకేజీ కావాలని అడిగితే ఆండ్రాయిడ్ ఫోనును ఛార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోను సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోను నెట్‌ను కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కు అందించే సౌకర్యం) ఆన్ చేయండి, ఉబుంటు 14.04 దాన్ని మామూలు తీగ కనెక్షన్‌గానే స్వీకరిస్తుంది. అప్పుడు సెట్టింగుల్లోని ‘అడిషనల్ డ్రైవర్స్’ తెరిచి, బ్రాడ్‌కామ్ ఎస్‌టీఏ డ్రైవర్‌ను (పై ప్యాకేజీలోని డ్రైవరే ఇది) ఎంచుకుంటే సరిపోతుంది. బీ43, ఇదీ వేర్వేరు డ్రైవర్లు కాబట్టి రెండింటినీ ఒకేసారి నడపాలని చూడకండి. అవి ఒకే కార్డు కోసం కొట్లాడుకుంటాయి.

ఇంత చేశాక కూడా మీ ఇంటి రౌటరు పేరు కనిపించకపోతే, కీబోర్డు మీదనో పక్కనో ఉండే వైర్‌లెస్ స్విచ్‌ను ముందు చూడండి. తర్వాత రౌటరును చూడండి. ఈ కార్డు 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తుంది, దాని వేగం గరిష్ఠంగా సెకనుకు 54 మెగాబిట్లు. ఫైబర్ వాళ్లు పెట్టే రౌటర్లలో 5 గిగాహెర్ట్జ్ పేరు ఒక్కటే ఆన్‌లో ఉంటే మీ ల్యాప్‌టాప్‌కు ఏమీ కనపడదు. రక్షణ పద్ధతి డబ్ల్యూపీఏ3 మాత్రమే అని పెట్టి ఉంటే పేరు కనిపించినా కనెక్టు కాకపోవచ్చు, డబ్ల్యూపీఏ2కు మార్చమనండి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి యాంటెన్నా తీగల మొనలు చిలుము పట్టడం కూడా జరుగుతుంది. సిగ్నలు మరీ బలహీనంగా ఉంటేనే ఆ అనుమానం పెట్టుకోండి.

కొత్త ఉబుంటు విషయంలో మీ భయం అర్థమైంది గానీ, 14.04కు సాధారణ భద్రతా సవరణలు 2019 ఏప్రిల్‌తోనే ఆగిపోయాయి. లెక్కలకు వాడుకోండి, బ్యాంకు పనులు మాత్రం ఫోనులోనే చేసుకోండి. లెక్కల ఫైళ్లను మరో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాక, కొత్త వెర్షన్‌ను హార్డ్‌డిస్క్ జోలికి పోకుండా పెన్‌డ్రైవ్ నుంచే ‘ట్రై’ పద్ధతిలో నడిపి, అందులో మీ ప్రోగ్రాం తెరుచుకుంటుందో లేదో చూసుకోండి. ల్యాప్‌టాప్ 32 బిట్లది అయితే మాత్రం ఉబుంటు కొత్త డెస్క్‌టాప్ వెర్షన్లు అందులో ఎక్కవు. ఈ సంగతి ముందే చూసుకుంటే ఒక పూట శ్రమ తప్పుతుంది.