బదర్‌పూర్ విద్యుత్ కేంద్రం: 720 మెగావాట్లా, 705 మెగావాట్లా?

విద్యుత్ కేంద్రాల పట్టికల్లో ఢిల్లీలోని బదర్‌పూర్ థర్మల్ కేంద్రానికి ఒకచోట 720, మరొకచోట 705 మెగావాట్లు కనబడటానికి కారణం అచ్చుతప్పు కాదు. మొదటి మూడు యూనిట్ల (విద్యుదుత్పత్తి యంత్రాల) సామర్థ్యాన్ని తరువాతి కాలంలో 100 నుంచి 95 మెగావాట్లకు తగ్గించి నమోదు చేయడమే.

1. పాత లెక్క (మిగతా రెండు యూనిట్లు 210 మెగావాట్లవి): 3×100 + 2×210 = 720.

2. సవరించిన లెక్క: 3×95 + 2×210 = 705.

3. చాలామంది వదిలేసేది ఇదే: ప్లాంట్ లోడ్ ఫ్యాక్టర్ (గరిష్ఠంగా చేయగల ఉత్పత్తిలో కేంద్రం నిజంగా చేసినది ఎంత శాతమో చెప్పే లెక్క) గణించేటప్పుడు ఏ సంవత్సరపు ఉత్పత్తిని లవంలో వేస్తున్నారో, ఆ సంవత్సరంలో అమలులో ఉన్న సామర్థ్యాన్నే హారంలో వేయాలి. 705 తీసుకుంటే 8,760 గంటలకు గరిష్ఠ ఉత్పత్తి 617.58 కోట్ల యూనిట్లు (కిలోవాట్-గంటలు) అవుతుంది. పొరపాటున 720తో గుణిస్తే 630.72 కోట్లు వచ్చి, శాతం ఉన్నదానికంటే తక్కువగా తేలుతుంది. (లీపు సంవత్సరానికి 8,784 గంటలు.)

4. కేంద్రం 2018 అక్టోబరు 15న శాశ్వతంగా మూతపడింది కనుక, 2018-19 ఆర్థిక సంవత్సరానికి హారంలో పూర్తి ఏడాది గంటలు వేయకండి.